పైన క్యాన్సర్ పోలిక, కింద గ్రాన్యులర్ సెల్ ట్యూమర్: హన్మకొండ ల్యాబ్ నుంచి ఒక కేసు

రోగి నలభై అయిదు దాటిన మహిళ. ఊరు మెట్‌పల్లి వైపు. పెళ్ళికి ముందు నుంచీ బీడీలు చుట్టే పనే. కుడి చేయి పైభాగంలో, భుజానికి నాలుగు వేళ్ళ కింద, బయటి వైపు ఒక గడ్డ. రెండేళ్ళుగా నెమ్మదిగా పెరిగింది. నొప్పి లేదు, అప్పుడప్పుడు దురద. దానికి దేనిదైనా అంచు తగిలితే కాసేపు సలుపు. అక్కడ దగ్గరి పట్టణంలో ఒక డాక్టరు పైపైన చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. "స్క్వేమస్ సెల్ కార్సినోమా అనుమానం, క్లినికల్‌గా సరిచూసుకోవాలి" అని రిపోర్టు వచ్చింది, అంటే చర్మపు పై పొర కణాల నుంచి పుట్టే క్యాన్సర్ కావచ్చని.

ఇంట్లో వాళ్ళకు ఆ వాక్యంలో 'కార్సినోమా' ఒక్కటే కనబడింది. దుబాయ్‌లో ఉన్న కొడుకు రోజూ ఫోన్. తంబాకులో చేతులు పెట్టి బతికినవాళ్ళకు క్యాన్సర్ రాక ఏమొస్తదని ఊళ్ళో అనేశారు కూడా. కూతురు హన్మకొండలో కాపురం ఉంటుంది కాబట్టి తల్లిని ఇక్కడికి తెచ్చి చర్మ వైద్యుడికి చూపించింది. ఆయనకు గడ్డ తీరు చూశాక ఆ రిపోర్టు నచ్చలేదు. స్లైడు, బ్లాకు రెండూ తెప్పించి, ఇక్కడ పాథాలజిస్టునైన నాకు పంపారు. బ్లాకు తెప్పించడం ముఖ్యం. ముక్కను మైనంలో పొదిగిన ఆ బ్లాకు ఉంటే కొత్తగా కోతలు కోయొచ్చు, వేరే రంగులు వేయొచ్చు. స్లైడు ఒక్కటే ఉంటే అందులో ఉన్నదే చూడాలి. చాలామంది రోగులకు బ్లాకు అడిగి తీసుకోవచ్చని తెలియదు. మొదటి ల్యాబ్ వాళ్ళు అడగ్గానే ఇచ్చారు, అది మెచ్చుకోవాలి.

చర్మ వైద్యుడి నోట్ ఇలా ఉంది: 1.8 సెంటీమీటర్ల గట్టి గడ్డ, చర్మంతో పాటే కదులుతుంది, కింద కండకు అతుక్కోలేదు. పైన చర్మం గోధుమ రంగు తిరిగి కొంచెం గరుకుగా ఉంది. పుండు లేదు, రక్తం లేదు. గడ్డ మీద స్పర్శ బాగానే ఉంది. చేతిలో నరాలేవీ లావెక్కలేదు. చంకలో గడ్డలు లేవు. ఈ స్పర్శ, నరాల మాట ఎందుకు రాశారో మన ప్రాంతంలో పనిచేసేవాళ్ళకు చెప్పనక్కరలేదు, అయినా కింద చెబుతాను.

ఆ నోట్ చదివితేనే స్క్వేమస్ సెల్ కార్సినోమా మీద నమ్మకం సగం తగ్గుతుంది. మన దగ్గర ఆ క్యాన్సర్ ఒంటి మీద కనబడితే ఎక్కువగా పాత కాలిన మచ్చ మీదో, ఏళ్ళ తరబడి మానని పుండు మీదో ఉంటుంది. ఇది జాకెట్ చేతి కింద దాగిన చోటు. ఎండ తగలదు, మచ్చ లేదు, పుండు లేదు.

మొదటి స్లైడులో ఏముంది? పైపైన చెక్కిన ముక్క. అందులో తొంభై శాతం ఎపిడెర్మిసే, అంటే చర్మపు పై పొరే. అడుగున డెర్మిస్, అంటే దాని కింది పొర, సన్నని పట్టీలా ఉంది. ఎపిడెర్మిస్ బాగా దళసరిగా పెరిగి, వేళ్ళలాంటి కొసలు కిందికి దిగాయి. కొన్నిచోట్ల కొసలు తెగినట్టు డెర్మిస్‌లో విడిగా దీవుల్లా కనబడుతున్నాయి. మధ్యలో కెరాటిన్ చుట్టలు కూడా ఉన్నాయి. ఇంత చిన్న ముక్కలో ఇదంతా చూసినవాళ్ళు స్క్వేమస్ సెల్ కార్సినోమా అనుమానం అని రాయడంలో వింత లేదు. వాళ్ళు 'అనుమానం' అన్నారు, 'ఉంది' అనలేదు. ఉన్న ముక్కకు అది న్యాయమైన రిపోర్టే. ముక్క చాలలేదు, అంతే.

నాకు మాత్రం రెండు విషయాలు సరిపోలేదు. ఒకటి, ఆ దీవుల్లోని కణాలు మరీ సాధువుగా ఉన్నాయి. కేంద్రకాలు ఒకే తీరుగా ఉన్నాయి, వికారపు విభజనలు లేవు, అడుగు పొర వరస తప్పలేదు. ఈ రకం పెరుగుదలను సూడోఎపిథీలియోమాటస్ హైపర్‌ప్లేసియా అంటాం. కింద ఏదో ఉంటే, దానికి స్పందనగా పై పొర ఇలా పెరుగుతుంది. లోతు ఫంగస్ జబ్బుల్లో, చర్మ క్షయలో, పాత పుండ్ల అంచుల్లో ఇలాగే ఉంటుంది. రెండోది, అడుగున ఉన్న ఆ సన్నని డెర్మిస్ పట్టీలో, ముక్క అంచుకు ఆనుకొని, లేత గులాబీ రంగులో కొన్ని పెద్ద కణాలు ఉన్నాయి. నాలుగైదు కంటే ఎక్కువ లేవు. చెక్కిన కత్తి వాటి మీదుగానే పోయింది. మాక్రోఫేజ్‌లేమో (క్రిములను మింగే రక్షణ కణాలు) అనుకొని వదిలేయడం చాలా తేలిక.

బ్లాకులోంచి ఇంకా లోతుగా కోతలు కోయించాను. ఆ కణాలు మరో రెండు మూడు కనబడి, ముక్క అయిపోయింది. వాటితో రోగనిర్ధారణ చేయలేం. డెర్మిస్ అడుగు దాకా, కొంచెం కొవ్వు కూడా వచ్చేలా మళ్ళీ బయాప్సీ కావాలని చర్మ వైద్యుడికి చెప్పాను. రోగిని ఒప్పించడం ఆయన వంతయింది. "మల్ల కోస్తరా సారూ?" అని ఆమె అడిగిందట. రెండోసారి కోయడం ఎవరికీ ఇష్టం ఉండదు, కానీ క్యాన్సర్ ఆపరేషన్ పేరుతో చేతి మీద పెద్ద కోత పడేకంటే ఇది నయం అని ఆయన నచ్చజెప్పారు.

ఇక్కడ ఒక చిన్న పక్క మాట. ముక్కలు పంపే సీసాల గురించి. మండలాల నుంచి వచ్చే బయాప్సీలు కొన్ని ఇంజెక్షన్ సీసాల్లో వస్తాయి. ముక్క మెత్తగా ఉన్నప్పుడు సన్నటి మూతి లోంచి లోపలికి వెళ్తుంది, ఫార్మలిన్‌లో గట్టిపడ్డాక బయటికి రాదు. సీసా పగలగొట్టాల్సి వస్తుంది. కొన్ని సెలైన్‌లో వస్తాయి, అవి వచ్చేసరికే కుళ్ళడం మొదలై ఉంటుంది. వెడల్పు మూతి డబ్బా, ముక్కకు పదింతల పరిమాణంలో 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్. ఇంతకు మించి మేం అడిగేది లేదు. ఈ కేసులో రెండో ముక్క అలాగే వచ్చింది కాబట్టి రంగులన్నీ శుభ్రంగా పడ్డాయి.

రెండో బయాప్సీ మామూలుగా వేసే హెమటాక్సిలిన్, ఇయోసిన్ (హెచ్ అండ్ ఈ) రంగులతో చూడగానే బొమ్మ మారిపోయింది. పైన అదే దళసరి ఎపిడెర్మిస్. దాని కింద డెర్మిస్ నిండా పెద్ద పెద్ద బహుభుజి కణాలు గుంపులుగా, వరసలుగా కొల్లాజెన్ కట్టల మధ్య దూరి ఉన్నాయి. కణానికి కణానికి మధ్య గీత సరిగా తెలియదు. కేంద్రకం చిన్నది, గుండ్రం, మధ్యలో. సైటోప్లాజం విపరీతంగా ఎక్కువ. హై పవర్‌లో చూస్తే ఆ సైటోప్లాజం అంతా గులాబీ రవ్వ చల్లినట్టు రేణువులు. కొన్ని రేణువులు పెద్దవై, చుట్టూ తెల్లటి వలయంతో విడిగా కనబడ్డాయి. వీటిని మిలియాన్ అనే వైద్యుడి పేరు మీద మిలియాన్ బాడీస్ అంటారు. ఇవి కనబడితే నా అనుభవంలో సగం పని అయినట్టే. ఒకచోట ఈ కణాలు సన్నటి నరాన్ని చుట్టుకొని ఉన్నాయి. వెంట్రుకను నిలబెట్టే కండరపు పోగుల మధ్యకు కూడా వెళ్ళాయి.

గ్రాన్యులర్ సెల్ ట్యూమర్, అంటే రేణువులు నిండిన కణాల గడ్డ అని మనసుకు తట్టింది. కానీ మనసుకు తట్టినది రిపోర్టు కాదు. పెద్ద సైటోప్లాజం ఉన్న లేత కణాలు డెర్మిస్‌లో నరం చుట్టూ చేరి ఉంటే, ఉత్తర తెలంగాణలో కూర్చున్న పాథాలజిస్టు ముందు కొట్టివేయాల్సింది కుష్ఠు. డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే మిషనరీ డాక్టరు 1915లో కుష్ఠు ఆసుపత్రి తెరిచిన ప్రాంతం ఇది. దేశం మొత్తం మీద 2005 చివరికి పదివేల మందికి ఒక కేసు కంటే తగ్గిందని ప్రకటించారు, నిజమే. కానీ పదివేలకు ఒకటి కంటే తక్కువ అంటే సున్నా అని కాదు. మా టేబుళ్ళ మీదికి ఆ స్లైడ్లు ఇంకా వస్తూనే ఉన్నాయి. లెప్రొమాటస్ అనే, బ్యాక్టీరియా ఎక్కువగా ఉండే కుష్ఠు రకంలో వాటిని మింగిన మాక్రోఫేజ్‌లు ఉబ్బి, నురగ నిండినట్టు అవుతాయి. లో పవర్‌లో, రంగు కాస్త పలచగా పడితే, వాటికీ వీటికీ తేడా చెప్పడం కొత్తవాళ్ళకు కష్టం. చర్మ వైద్యుడు స్పర్శ చూసి నరాలు తడిమి నోట్‌లో రాసింది అందుకే.

తేడాలు ఉన్నాయి. కుష్ఠు కణాల్లో నురగ బుడగల్లా ఖాళీలు కనబడతాయి, రేణువులు కావు. లెప్రొమాటస్ రకంలో ఎపిడెర్మిస్ పలచబడి, దాని కింద కణాలు లేని ఒక ఖాళీ పట్టీ ఉంటుంది. ఇక్కడ రెండూ తిరగబడి ఉన్నాయి. ఎపిడెర్మిస్ దళసరి, కణాలు దాని కొసలను ఆనుకొనే ఉన్నాయి. అయినా కుష్ఠు కాదని రాయాలంటే కంటి తీర్పు చాలదు. రంగు వేయాలి.

మొదట పీఏఎస్, అంటే పీరియాడిక్ ఆసిడ్-షిఫ్ రంగు. రెండు స్లైడ్లు, ఒకటి మామూలుగా, ఇంకొకటి డయాస్టేజ్ వేశాక. పీరియాడిక్ ఆమ్లం చక్కెర పదార్థాల్లోని కొన్ని బంధాలను విడగొట్టి ఆల్డిహైడ్లుగా మారుస్తుంది. షిఫ్ ద్రావణం వాటికి అంటుకొని ముదురు గులాబీ రంగు ఇస్తుంది. కణంలో ఉన్నది గ్లైకోజెన్ అయితే, డయాస్టేజ్ ఎంజైమ్ దాన్ని ముందే తినేస్తుంది, రెండో స్లైడులో రంగు పోతుంది. ఇక్కడ రెండింటిలోనూ రేణువులు అదే రంగులో నిలబడ్డాయి. పక్కన కంట్రోల్‌గా పెట్టిన లివర్ ముక్కలో రంగు పోయింది, అంటే ఎంజైమ్ పనిచేసింది. కంట్రోల్ లేకుండా 'డయాస్టేజ్‌కు తట్టుకుంది' అని రాస్తే ఆ మాటకు విలువ లేదు. ఎంజైమ్ పాతబడి పనిచేయకపోయినా ఫలితం అలాగే కనబడుతుంది కదా. పాతతరం టెక్నీషియన్లు డయాస్టేజ్ అయిపోతే సొంత ఉమ్మి వాడేవాళ్ళు. లాలాజలంలో ఉన్నదీ అమైలేజే కాబట్టి పని జరిగేది. ఇప్పుడు ఎవరూ అలా చేయకూడదు గానీ, సూత్రం అర్థం కావడానికి విద్యార్థులకు నేను ఈ సంగతి చెబుతుంటాను.

డయాస్టేజ్‌కు తట్టుకున్న పీఏఎస్ రేణువులంటే లైసోజోములు. కణంలో చెత్తను జీర్ణం చేసే సంచులు. గ్రాన్యులర్ సెల్ ట్యూమర్‌లో అవి అరగని సరుకుతో నిండి పేరుకుపోతాయి. ఎందుకు పేరుకుంటాయన్నది చాలాకాలం తెలియలేదు. ఈ గడ్డల్లో చాలావాటిలో ఏటీపీ6ఏపీ1, ఏటీపీ6ఏపీ2 అనే జన్యువులు పాడై ఉంటాయని 2018లో తేలింది. ఆ జన్యువులు సంచుల లోపల ఆమ్లత నిలబెట్టే పంపుకు సంబంధించినవి. ఆమ్లత తగ్గితే లోపలి ఎంజైములు సరిగా పనిచేయవు, సరుకు మిగిలిపోతుంది. మనం మైక్రోస్కోపులో చూసే రేణువులు ఆ మిగిలిపోయిన సరుకే.

తర్వాత ఫైట్-ఫరాకో రంగు. ఇది కుష్ఠు కోసం. టీబీకి వేసే జీల్-నీల్సన్ రంగుతో సరిపెట్టొచ్చు కదా అని అడిగేవాళ్ళుంటారు. కుష్ఠు బ్యాక్టీరియా పైన మైనపు పొర సున్నితమైనది. స్లైడు మీద పారఫిన్ తీయడానికి వాడే జైలీన్, ఆల్కహాల్ దాన్ని కూడా లాగేస్తాయి, ఆ తర్వాత ఎర్రరంగు నిలవదు. అందుకే జైలీన్‌లో వేరుశనగ నూనె కలిపి పారఫిన్ తీస్తారు, ఆల్కహాల్ జోలికి పోరు. నూనె ఆ పొరను కాపాడుతుంది. తర్వాత కార్బాల్ ఫ్యూక్సిన్, పలచటి సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కడగడం, మిథిలీన్ బ్లూ. మా ల్యాబ్‌లో నూనె అంగట్లో దొరికే పల్లి నూనే, కాకపోతే కల్తీ లేనిది అయి ఉండాలి. ఆ సీసా మీద 'వంటకు కాదు' అని రాసి పెట్టుకున్నాం.

ఫైట్ స్లైడును ఆయిల్ ఇమ్మర్షన్‌లో ఓపికగా చూడాలి. లెప్రొమాటస్ కుష్ఠు అయితే వెతకాల్సిన పని ఉండదు, ఎర్రటి కడ్డీలు కట్టలు కట్టలుగా ఉంటాయి. కంట్రోల్ స్లైడులో అలాగే ఉన్నాయి. రోగి స్లైడులో ఒక్కటీ లేదు. ఇంత పెద్ద కణాలు ఇన్ని ఉండి, ఒక్క బ్యాక్టీరియా కూడా లేకపోతే అది లెప్రొమాటస్ కుష్ఠు కాదు. ఎపిడెర్మిస్ అంత దళసరిగా ఉంది కాబట్టి పీఏఎస్ స్లైడులోనే ఫంగస్ కోసం కూడా వెతికాను, లేదు.

ఈ రెండు రంగుల ఖర్చు చాలా తక్కువ. ఏ జిల్లా ల్యాబ్‌లోనైనా వేయగలిగినవి. కొందరు జూనియర్లు హెచ్ అండ్ ఈ చూడగానే ఇమ్యూనో ప్యానెల్, అంటే కణాల్లోని గుర్తు ప్రోటీన్లను (మార్కర్లను) యాంటీబాడీలతో పట్టే పరీక్షలు, మొత్తం రాసిచ్చేస్తారు. ఆ పద్ధతి నాకు నచ్చదు. బీడీల కూలి డబ్బుతో పరీక్షలు చేయించుకునే మనిషికి ఒక్కో మార్కరుకు కారణం చెప్పగలగాలి. చవక రంగులతో ముందు దారి ఇరుకు చేసుకుంటే, ఖరీదైన మార్కర్లు ఏవి అడగాలో తెలుస్తుంది.

ఈ కేసులో బ్లాకును హైదరాబాద్ పంపి అడిగినవి మూడే. ఎస్-100, సీడీ-68, సైటోకెరాటిన్.

ఎస్-100 కేంద్రకంలోనూ సైటోప్లాజంలోనూ గట్టిగా, కణాలన్నిటిలోనూ పడింది. ఇది ష్వాన్ కణాల, అంటే నరానికి తొడుగు కట్టే కణాల గుర్తు. 1926లో అబ్రికోసోవ్ అనే రష్యన్ పాథాలజిస్టు ఈ గడ్డను వర్ణించినప్పుడు కండరం నుంచి పుట్టిందనుకున్నాడు. అప్పటికి రెండేళ్ళ ముందు లెనిన్ శవపరీక్ష చేసింది ఆయనే. చాలా పుస్తకాల్లో ఇది దశాబ్దాల పాటు 'మయోబ్లాస్టోమా' అన్న పేరుతోనే నడిచింది. ఎస్-100 లాంటి మార్కర్లు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు వచ్చాక దీని చుట్టరికం నరాలతో అని ఖాయమైంది.

సీడీ-68 కూడా పాజిటివ్. దీన్ని ఒక్కదాన్నే చూసి మాక్రోఫేజ్ అనుకుంటే దెబ్బతింటాం. సీడీ-68 గుర్తుపట్టేది లైసోజోములను. ఈ కణాల నిండా అవే కాబట్టి పాజిటివ్ వస్తుంది. కుష్ఠు మాక్రోఫేజ్‌లోనూ పాజిటివే. రెండింటినీ విడదీసేది ఎస్-100. మాక్రోఫేజ్ గుంపుల్లో ఎస్-100 పడదు, మధ్యలో మిగిలిన నరపు పోగుల్లో మాత్రం పడుతుంది. అందుకే ఆ రెంటినీ జంటగా అడిగాను.

సైటోకెరాటిన్ ఎపిథీలియం కణాల, అంటే పై పొర లాంటి కణాల గుర్తు. అది పైనున్న ఎపిడెర్మిస్‌లో, కిందికి దిగిన కొసల్లో పడింది, గడ్డ కణాల్లో పడలేదు. మొదటి రిపోర్టులోని ప్రశ్నకు జవాబు ఇదే. పైన పెరిగిన ఎపిథీలియం వేరు, గడ్డ వేరు. గడ్డ ఎపిథీలియం జాతిది కాదు. మెలనోమా (చర్మపు రంగు కణాల క్యాన్సర్) గురించి అడగొచ్చు, ఎస్-100 అందులోనూ పాజిటివే కదా అని. మెలనిన్ లేదు, ఎపిడెర్మిస్ అడుగు వరసలో మెలనోసైట్ల గూళ్ళు లేవు, కేంద్రకాలు ఇంత ప్రశాంతంగా ఉన్నాయి. ఇందులో దేనికైనా తేడా ఉంటే హెచ్‌ఎంబీ-45, మెలాన్-ఏ అనే మెలనోమా మార్కర్లు కూడా అడిగేదాన్ని.

ఇక మిగిలింది ఇది సాధువా, ప్రమాదకరమా అన్నది. ఈ గడ్డల్లో ప్రమాదకరమైనవి నూటికి ఒకటి రెండుకు మించవు, కానీ ఉన్నాయి. 1998లో ఫాన్‌బర్గ్-స్మిత్ బృందం చెప్పిన ఆరు లక్షణాలను చూస్తాం. కణాలు చచ్చిన ప్రాంతాలు, కణాలు సాగి కదురు ఆకారం రావడం, పెద్ద న్యూక్లియోలస్‌తో తేటబారిన కేంద్రకాలు, విభజనలు ఎక్కువగా ఉండడం, సైటోప్లాజంతో పోలిస్తే కేంద్రకం పెద్దదవడం, కేంద్రకాల్లో ఒకదానికొకటి పోలిక లేకపోవడం. మూడు గానీ అంతకు మించి గానీ ఉంటే మాలిగ్నెంట్. ఒకటి రెండు ఉంటే ఎటిపికల్, అంటే మధ్య రకం. బయాప్సీలో ఒక్కటీ కనబడలేదు. అయినా బయాప్సీ మొత్తం గడ్డ కాదు కాబట్టి, తుది మాట గడ్డ మొత్తం వచ్చాకే అని రిపోర్టులో రాశాను.

సర్జన్‌తో ఫోన్‌లో ఒక్క విషయం గట్టిగా చెప్పాను. ఈ గడ్డకు కవచం ఉండదు. కంటికి కనబడే అంచు దాటి కణాలు కొల్లాజెన్ మధ్య, నరాల వెంట పాకి ఉంటాయి. లైపోమా (కొవ్వు గడ్డ) తీసినట్టు ఒలిచి తీస్తే మిగిలిపోయి మళ్ళీ వస్తుంది. చుట్టూ కొంచెం మంచి చర్మం, కింద కొవ్వు కలిపి తీయండి అన్నాను. ఆయన అలాగే తీశారు. పన్నెండు గంటల దిక్కున దారం కుట్టి పంపారు, అందువల్ల ఏ అంచు ఏదో తెలిసింది.

కోసి చూస్తే గడ్డ పసుపు కలిసిన తెలుపు, గట్టిగా ఉంది, అంచు ఎక్కడుందో కంటికి తెలియలేదు. నాలుగు పక్కల అంచులకూ అడుగుకూ వేరువేరు ఇంకులు పూసి, గడ్డ మొత్తం బ్లాకుల్లోకి ఎక్కించాం. ఆరు లక్షణాల్లో ఒక్కటీ లేదు. అంచులన్నీ ఖాళీ, అన్నిటికంటే దగ్గరది అడుగు అంచు, 4 మిల్లీమీటర్ల దూరం. తుది రిపోర్టు: గ్రాన్యులర్ సెల్ ట్యూమర్, బినైన్, పైన సూడోఎపిథీలియోమాటస్ హైపర్‌ప్లేసియా, అంచులలో గడ్డ లేదు. మొదటి స్లైడు గురించి కూడా ఒక పేరా రాశాను, అందులో కనబడింది ఏమిటో, ఎందుకు అలా కనబడిందో. రేపు ఈమె ఫైలు చూసే ఏ డాక్టరైనా ఆ పాత కాగితం చూసి మళ్ళీ టెన్షన్ పడకూడదు.

కొడుకు దుబాయ్ నుంచి ల్యాబ్‌కు ఫోన్ చేశాడు. "క్యాన్సర్ కాదంటే గ్యారంటీనా మేడం?" అన్నాడు. గడ్డ మొత్తం చూశాం, క్యాన్సర్ లక్షణాలు లేవు, పూర్తిగా వచ్చింది, తంబాకుకూ దీనికీ సంబంధం లేదు అని చెప్పాను. "మరి అమ్మ బీడీలు చుట్టొచ్చా?" అన్నాడు. తంబాకు దుమ్ముతో ఊపిరితిత్తులకు వచ్చే ఇబ్బంది వేరే సంగతి, దాని గురించి మీ డాక్టరుతో మాట్లాడండి, ఈ గడ్డ పేరు చెప్పి మాత్రం మానాల్సిన పని లేదన్నాను.

కొందరిలో ఈ గడ్డలు ఒకటి కంటే ఎక్కువ ఉంటాయి, దాదాపు పదిమందిలో ఒకరికి. ఒంట్లో ఇది ఎక్కువగా వచ్చే చోటు నాలుక. అందుకే కుట్లు విప్పిన రోజున చర్మ వైద్యుడు ఆమె ఒళ్ళంతా చూసి, నోరు తెరిపించి నాలుకను వేలితో తడిమారు. ఏమీ లేదు. ఆరు నెలలకోసారి మచ్చనూ నోటినీ చూపించుకోమని చెప్పారు. కూతురు హన్మకొండలోనే ఉంది కాబట్టి ఆమె వస్తోంది. మొన్నటి రాకలో మచ్చ మెత్తగా, శుభ్రంగా ఉందని ఫోన్‌లో చెప్పారు.